ఒట్టు ఊతపదమైన వైనం

తెలుగులో ఒట్టు వేరు, తిట్టు వేరు, శాపనార్థం వేరు, బూతు వేరు. పిల్లల మీద ఒట్టేసిన మనిషిని నోటి దురుసుగలవాడని ఎవరూ అనరు. "నీ నోట్లో మన్ను పడ" అన్న ముసలమ్మ శపించిందే గానీ ప్రమాణం చెయ్యలేదు. ఇంగ్లీషులో ఇవి ఇంత తేటగా విడిపోలేదు. కోర్టులో బైబిల్ పట్టుకుని నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యడానికీ, గడప తగిలి కాలివేలు చితికినప్పుడు నోరు పారేసుకోవడానికీ వాళ్లకు ఒకటే క్రియ: స్వేర్. హాలీవుడ్ సినిమాల్లో కార్లు గుద్దుకున్నా, శవం కనబడినా, కాఫీ ఒలికినా పాత్రలు "జీసస్ క్రైస్ట్!" అని ఎందుకంటాయో తెలియాలంటే ఈ క్రియ దగ్గరే మొదలుపెట్టాలి. ఆ మాట ముందు ఒట్టు. తిట్టు కావడం తర్వాతి సంగతి.

మధ్యయుగపు ఇంగ్లండులో ఒట్టంటే దేవుణ్ణి సాక్ష్యానికి పిలవడం. సరుకులో కల్తీ లేదనడానికీ, అప్పు తీరుస్తాననడానికీ, పాచికల్లో దగా లేదనడానికీ ఆయన్నే లాక్కొచ్చేవారు. ఆకాశం తోడనీ భూమి తోడనీ కూడా ఒట్టు పెట్టుకోవద్దని కొండమీది ప్రసంగంలో బోధించిన మనిషి పేరు మీదే ఈ ఒట్లన్నీ సాగడం వింత. పేరు వాడి వాడి అరిగిపోయాక సిలువ మీది దేహం దాకా వెళ్లారు. దేవుడి గాయాలు, దేవుడి రక్తం, దేవుడి ఎముకలు, చివరికి చేతుల్లో దిగిన మేకులు కూడా ఒట్టుకు పనికొచ్చాయి. ఒట్టేసిన ప్రతిసారీ క్రీస్తు దేహాన్ని మళ్లీ చీలుస్తున్నారని ప్రసంగ వేదికల మీద పాదిరీలు మొత్తుకునేవారు. చాసర్ కాంటర్‌బరీ కథల్లో ఈ మాటే పార్డనర్ నోట వినిపిస్తుంది. పాపక్షమాపణ పత్రాలు అమ్ముకు బతికే ఆ పార్డనర్ అసలు సిసలైన మోసగాడు. చాసర్ చమత్కారమంతా అక్కడే ఉంది.

నాటకాలవాళ్లు ఈ ఒట్లను ఎత్తుకుని రంగస్థలం మీదికి తెచ్చారు. షేక్స్పియర్ కాలానికి 'గాడ్స్ వూండ్స్' కాస్తా 'జూండ్స్' అయింది, 'గాడ్స్ బ్లడ్' ముందు భాగం ఊడి 'స్బ్లడ్' అయింది. ముద్దాయి తలకు ముసుగేసి తీసుకెళ్లినట్టు దేవుడి పేరు మొదటి అక్షరాలు మింగేస్తే పాపం అంటదని ఒక నమ్మకం.

ఆ ముసుగును పార్లమెంటు లెక్కచెయ్యలేదు. నటులను అదుపులో పెట్టడానికి 1606లో ఒక చట్టం చేసింది. నాటకంలో దేవుడి పేరు, యేసుక్రీస్తు పేరు, పరిశుద్ధాత్మ పేరు, త్రిత్వం పేరు వేళాకోళంగా గానీ అపవిత్రంగా గానీ పలికితే పలికిన ప్రతిసారీ 10 పౌన్ల జరిమానా. అందులో సగం రాజుకు, సగం దావా వేసినవాడికి. నాటకశాలలో నేల మీద నిలబడి చూసేవాడు ఇచ్చేది ఒక్క పెన్నీ. పౌనుకు 240 పెన్నీల లెక్కన ఒక్క మాట జారితే 2,400 మంది నేల టిక్కెట్ల డబ్బు గోవిందా! పైగా ప్రేక్షకుల్లో ఎవడు సగం వాటా కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడో తెలియదు. చట్టాన్ని అమలు చేసింది భక్తి కాదు, బేరం.

ఈ చట్టం పలకడాన్నే నిషేధించింది, అచ్చును కాదు. అయినా దాని గీతలు పుస్తకాల్లో కనబడతాయి. 1622లో అచ్చయిన 'ఒథెల్లో'లో ఉన్న ఒట్లు, మరుసటేడు వచ్చిన షేక్స్పియర్ నాటకాల పెద్ద సంపుటిలో సుమారు 50 మాయమయ్యాయి. ఇయాగో నోట మొట్టమొదటి మాటగా రావలసిన రక్తపు ఒట్టు కూడా అలాగే పోయింది. 'హామ్లెట్' తనను తాను దూషించుకునే చోట గాయాల ఒట్టు తీసేసి, ఏ రుచీ లేని చిన్న మాట పెట్టారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'మెజర్ ఫర్ మెజర్'లో దొరికే ఆనవాలు. ప్రార్థన చేస్తున్నా మనసు నిలవని ఏంజెలో, నోరు మాత్రం ఆ పేరును ఊరికే నములుతోందని వాపోతాడు. అచ్చులో ఉన్నది 'స్వర్గం' అన్న మాట. దాని వెంట వచ్చే సర్వనామం మాత్రం 'ఆయన'. స్వర్గానికి 'ఆయన' ఏమిటి? ఎవరో 'దేవుడు' కొట్టేసి 'స్వర్గం' రాశారు, సర్వనామం మార్చడం మరిచారు అంటారు పండితులు. దైవనామాన్ని వ్యర్థంగా పలకడం గురించిన మాటల్లోనే దైవనామానికి కత్తెర పడింది.

1632లో బెన్ జాన్సన్ నాటకం 'ది మాగ్నెటిక్ లేడీ' మీద ఒట్ల గొడవ రేగి మతన్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ మాటలు రచయితవి కావు, మేమే కలిపామని చివరికి నటులు ఒప్పుకున్నారు. 1634 జనవరిలో మరో తమాషా. డేవెనెంట్ రాసిన 'ది విట్స్'ను నాటకాల సెన్సారు అధికారి హెన్రీ హెర్బర్ట్ గట్టిగా కత్తిరించాడు. విషయం రాజుగారి దాకా పోయింది. మొదటి చార్లెస్ హెర్బర్ట్‌ను పిలిపించి, రాతప్రతిని ముందేసుకుని, ఫలానా మూడు మాటలు ఒట్లు కావు, ఉత్త నొక్కిపలుకులు అని తేల్చాడు. హెర్బర్ట్ తన దస్త్రంలో ప్రభువుల తీర్పుకు తలవంచుతున్నానని రాసి, నా మట్టుకు నాకు అవి ఒట్లే అని కూడా రాసుకున్నాడు. ఏది ఒట్టో ఏది ఊతపదమో రాజుకూ నౌకరుకూ మధ్య ఏకాభిప్రాయం కుదరలేదన్నమాట. ఆ తగాదా నేటికీ తెగలేదు.

తర్వాతి 300 ఏళ్లు వేగంగా దాటేయవచ్చు. 1698లో జెరెమీ కాలియర్ అనే మతాచార్యుడు రంగస్థలపు దైవదూషణ మీద ఒక పుస్తకమంత కోపం వెళ్లగక్కాడు. 1737 నుంచి నాటకాల ముందస్తు అనుమతి లార్డ్ చాంబర్లేన్ చేతికి వెళ్లి 1968 దాకా అక్కడే ఉంది. ఈలోగా ఆట సినిమాకు మారింది.

సినిమాకు ఇంకా నోరు రాని రోజుల్లోనే అది తిట్టడం నేర్చింది. 1926లో వచ్చిన మూకీ 'వాట్ ప్రైస్ గ్లోరీ'లో సైనికులు తెర మీది అక్షరాల్లో మర్యాదస్తులే. పెదవుల మీద మాత్రం బండబూతులు. పెదవుల కదలిక చదవగలిగిన ప్రేక్షకులు అది పట్టేసి ఫిర్యాదులు చేశారు. అందుకే 1927లో హాలీవుడ్ నిర్మాతలు తమకు తాము విధించుకున్న 11 'వద్దులు', 25 'జాగ్రత్తల' జాబితాలో మొట్టమొదటి వద్దు ఇదే: గాడ్, లార్డ్, జీసస్, క్రైస్ట్ మొదలైన మాటలు భక్తితో తప్ప వాడరాదు, అక్షరాల్లోనే కాదు, పెదవులతో కూడా. అదే జాబితాలో 'గాడ్'ను నాటుగా సాగదీసి పలికే 'గాఆడ్' కూడా విడిగా ఉంది. పేరునే కాదు, యాసను కూడా నిషేధించారు! రేడియో మీదా ఇదే పట్టు. ఓరెగన్‌లో రాబర్ట్ డంకన్ అనే వ్యాఖ్యాత దేవుడి పేరు పెట్టి ప్రత్యర్థులను రేడియోలో దుయ్యబట్టినందుకు శిక్షపడగా, 1931లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఆ జాబితా స్థానంలో హాలీవుడ్ తెచ్చుకున్న 1930 నాటి ప్రొడక్షన్ కోడ్ రాతలో జెసూట్ ఫాదర్ డేనియల్ లార్డ్ చెయ్యి ఉంది. ఆయన ఇంటిపేరే కోడ్ నిషేధించిన మాటల్లో ఒకటి కావడం యాదృచ్ఛికమే గానీ నవ్వొస్తుంది. 1934లో దాన్ని అమలు చేసే కుర్చీ జోసెఫ్ బ్రీన్ ఎక్కాక కోడ్‌కు కోరలొచ్చాయి. అనుమతి ముద్ర లేకుండా సినిమా విడుదల చేస్తే 25,000 డాలర్ల జరిమానా. అప్పుడు రచయితలు ఎలిజబెత్ కాలపు ఉపాయాన్నే మళ్లీ ఎత్తుకున్నారు. జీసస్ బదులు 'జీ', 'జీపర్స్'. గాడ్ బదులు 'గాష్', 'గాలీ'. జీసస్ క్రైస్ట్ పొడి అక్షరాలు దాచుకున్న 'జిమినీ క్రికెట్' అయితే పిల్లల సినిమాల్లోనే దర్జాగా తిరిగింది. 1937లో డిస్నీ 'స్నో వైట్' మరుగుజ్జులు ఆశ్చర్యపడి అన్నది ఆ మాటే. 1940 నాటి 'పినాకియో'లో అదే పేరుతో గొడుగు పట్టుకున్న ఒక కీచురాయి వచ్చి, కొయ్యబొమ్మకు అంతరాత్మగా కొలువు చేసింది. ముసుగేసిన దైవదూషణ నీతులు చెప్పే ఉద్యోగంలో కుదురుకుందని బ్రీన్ కార్యాలయం గమనించిందో లేదో!

కథ అడ్డం తిరిగింది 1966లో. ఎడ్వర్డ్ ఆల్బీ నాటకం ఆధారంగా మైక్ నికల్స్ తీసిన 'హూ ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా వూల్ఫ్?'లో ఎలిజబెత్ టేలర్ తలుపు తీసే వేళ అరవాల్సింది లైంగిక అర్థం ఉన్న ఒక తిట్టు. అది మరీ ముతకగా ఉందని తీసేసి, ఆ చోట దేవుడు నిన్ను నాశనం చెయ్యాలన్న శాపాన్ని పెట్టారు. 1606లో ఇలా మెత్తబరిస్తే నటి మీద 10 పౌన్లు పడేవి. 360 ఏళ్లలో త్రాసు తలకిందులైంది. దైవశాపం ఇప్పుడు తేలికైన వైపు, ఒంటి సంగతులు బరువైన వైపు. క్యాథలిక్ సినిమా కార్యాలయం కూడా కొన్ని అభ్యంతరాలతోనే పెద్దలు చూడవచ్చని తేల్చింది. 1968 నవంబరులో కోడ్ పోయి రేటింగులు వచ్చాయి.

టీవీలో అనకూడని ఏడు మాటలంటూ 1972లో హాస్యనటుడు జార్జ్ కార్లిన్ చదివిన ప్రసిద్ధ జాబితాలో పవిత్రనామం ఒక్కటీ లేదు. క్యాథలిక్‌గా పెరిగిన మనిషికి కూడా అది గుర్తు రాలేదు. ఇవాళ అమెరికా రేటింగుల్లో లైంగికార్థపు ఘాటు మాట ఒక్కసారి వినబడితేనే సినిమా పీజీ-13 దాకా ఎక్కుతుంది. క్రీస్తు పేరును లెక్కపెట్టేవాళ్లు లేరు. బ్రిటన్ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2016లో ప్రజాభిప్రాయం సేకరించి ఆ పేరును 'తేలికపాటి' మాటల వరుసలో, 'బ్లడీ', 'డామ్' పక్కన కూర్చోబెట్టింది.

పేరులో పస పూర్తిగా చచ్చిందనడానికి మాత్రం నాకు మనసొప్పదు. 1973 నాటి 'ది ఎగ్జార్సిస్ట్' చూడండి. దేవుణ్ణి నమ్మని తల్లి ఫోను పట్టుకుని విసుగుతో క్రీస్తు పేరెత్తుతుంది, అది అలవాటు. మంచం మీది పిల్లలో దూరిన దయ్యం అదే పేరును కావాలని మైలపరుస్తుంది. పాదిరీలు అదే పేరును ఆయుధంలా పట్టుకుని దయ్యాన్ని తరుముతారు. ఒకే సినిమాలో ఒకే పేరు ఊతపదం, దూషణ, మంత్రం. ప్రేక్షకుడికి ఒళ్లు జలదరించింది రెండో వాడుకకు, మూడో వాడుకకు. మొదటిదాన్ని ఎవరూ విననేలేదు.

కెనడాలోని ఫ్రెంచి క్యుబెక్‌ది ఇంకో దారి. అక్కడ బూతులన్నీ గుడి సామానే: టాబెర్నాకిల్, బలిపాత్ర, పవిత్ర రొట్టె, క్రీస్తు. శతాబ్దాల పాటు చర్చి పెత్తనం కింద నలిగిన జనం కసి తీర్చుకున్న మాటలివి. 1960ల తర్వాత చర్చిలు ఖాళీ అయ్యాయి గానీ మాటలు మిగిలాయి. 2006లో వచ్చిన 'బాన్ కాప్, బ్యాడ్ కాప్'లో ఒక ఫ్రెంచి పోలీసు ఇంగ్లీషు పోలీసుకు ఈ మాటలను నామవాచకంగా, క్రియగా, విశేషణంగా ఎలా వాడాలో వ్యాకరణపాఠం చెబుతాడు. అదే ఏడు మాంట్రియల్ చర్చి పెద్దలు ఆ మాటలనే పెద్ద అక్షరాల్లో రాసి, కింద వాటి అసలు అర్థం అచ్చేసి వీధుల్లో ప్రకటనలు పెట్టారు. తమ పూజాద్రవ్యాల పేర్లను తామే నిఘంటువు చూపి గుర్తుచేసుకోవాల్సి వచ్చింది.

మనకు ఈ చరిత్ర ఎందుకు జరగలేదంటే, నామం గురించి మన లెక్కే వేరు. భాగవతంలో అజామిళుడు చావుభయంతో పిలిచింది కొడుకును. కొడుకు పేరు నారాయణ కాబట్టి విష్ణుదూతలు వచ్చారు. వ్యర్థంగా పలికినా నామం పని చేస్తుందన్న చోట దాన్ని వ్యర్థంగా పలకడమే పాపమన్న ఆజ్ఞకు చోటెక్కడ? చెడ్డ మాట చెవిన పడితే "శివ శివా" అనడం నోరు కడుక్కోవడమే. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పది ఆజ్ఞలు కంఠతా పట్టిన పెద్దమ్మ కూడా చేతిలో గిన్నె జారితే "యేసయ్యా!" అంటుంది. అది ఆజ్ఞ మీరడమని ఆమెకు గానీ పాస్టరుగారికి గానీ తోచదు. అది పిలుపు. మన తిట్టు దేవుడి జోలికి పోదు, నేరుగా అవతలివాడి అమ్మనూ ఆలినీ పట్టుకుంటుంది. అది మెరుగని నేననను.

అందుకే హాలీవుడ్ సినిమాను తెలుగులోకి డబ్బింగ్ చేసేవాళ్లకు "జీసస్!" అన్న అరుపు దగ్గర చిక్కు. "యేసూ!" అంటే ఆ పాత్ర ప్రార్థన మొదలుపెట్టినట్టుంటుంది. హాల్లో సగం మందికి 'కరుణామయుడు' విజయచందర్ గుర్తొస్తాడు. బూతు పెడితే మరీ ఎక్కువవుతుంది. కాబట్టి "దేవుడా" అనో, "ఓరి నాయనో" అనో సర్దేస్తారు. చెవికి అంతా సవ్యమే. తెర మీద మాత్రం ఆ నటుడి పెదవులు ఇంకా అదే రెండక్షరాల పేరును పలుకుతూనే ఉంటాయి, 1926 నాటి మూకీలో లాగే.