కోలుకున్నారని చెప్పే కొలత

1874లో లండన్ వైద్యుడు విలియం గల్ తిండి మానేసి చిక్కిశల్యమైన యువతుల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు స్థిరపడింది దానితోనే. అందులో రోగుల బొమ్మలున్నాయి. చికిత్సకు ముందు దవడ ఎముకలు తేలిన ముఖం, తర్వాత బుగ్గలు నిండిన ముఖం. ఫోటోలు చూసి చెక్కించిన ఆ బొమ్మలే గల్ చూపిన రుజువు. వైద్యమూ అంతే సూటిగా ఉంది: ఒంటికి వెచ్చదనం, రోగి ఇష్టాయిష్టాలతో పనిలేకుండా వేళతప్పని ఆహారం, చుట్టపక్కాలను దూరంగా ఉంచడం. ఆ యువతులు బతికి బట్టకట్టారు కాబట్టి దీన్ని తీసిపారేయలేం. అయితే రెండో బొమ్మలోని అమ్మాయి తనను తాను ఎలా చూసుకుంటోందో మాత్రం ఆ బొమ్మలో లేదు. వందేళ్ల పాటు వైద్యం కోలుకోవడాన్ని ఇలా చూసేవాళ్ల కంటితోనే కొలిచిందని నాకనిపిస్తుంది. దుఃఖం, కోపం, భయం ముంచుకొచ్చినప్పుడు వాటిని తిండి మీద తీర్చుకోకుండా ఈ మనిషి తట్టుకోగలదా అని అడగని కొలత ఏదైనా సగం కొలతే.

గల్‌కు ఏడాది ముందే, 1873లో, పారిస్‌లో షార్ల్ లాసెగ్ ఇదే జబ్బు గురించి రాశాడు. ఆయన చూపు రోగితో ఆగలేదు, ఇంటిల్లిపాది మీదికీ వెళ్లింది. కుటుంబం చేతిలో రెండే ఆయుధాలున్నాయన్నాడు, బతిమాలడం, బెదిరించడం. రెండూ అరిగిపోయాక ఇంట్లో తిండి తప్ప మరో మాటే ఉండదు. తెలుగిళ్లలో అన్నం మీద అలగడం కొత్త కాదు కానీ, అలక ఎదుటివాళ్ల కోసం, బుజ్జగిస్తే తీరుతుంది. లాసెగ్ చూసిన అమ్మాయిలు ఎంత బుజ్జగించినా చలించలేదు, పైగా తమకే బాధా లేదన్నారు. ఆ నిబ్బరమే ఆయన్ను అన్నిటికంటే కలవరపెట్టింది. లావైపోతామన్న భయం మాత్రం ఆయన రాతల్లోనూ గల్ రాతల్లోనూ ప్రధాన లక్షణంగా కనిపించదు. అద్దంలో తప్పుగా కనిపించే ఒళ్లే ఈ జబ్బుకు మూలమని నేడు అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

1914లో హాంబర్గ్‌లో వైద్యుడు సిమ్మండ్స్ పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని కృశించిన ఒక రోగిని వర్ణించాక, కొన్ని దశాబ్దాలు అనొరెక్సియా గ్రంథుల జబ్బుల్లో కలిసిపోయింది. మనసు మళ్లీ చర్చకు రావడంలో ముఖ్యపాత్ర జర్మనీ నుంచి అమెరికా చేరిన హిల్డె బ్రూక్‌ది. 1962లో ఆమె మూడు లోపాలను చూపింది. మొదటిది ఒంటి రూపాన్ని ఉన్నట్టు చూడలేకపోవడం. రెండోది ఆకలి, అలసట, కోపం లాంటి లోపలి సంకేతాలను వేరుచేసి గుర్తించలేకపోవడం. మూడోది తన వల్ల ఏదీ కాదన్న నిస్సహాయత. వైద్యలోకం వీటిలో మొదటిదాన్నే ఆబగా అందుకుంది, ఎందుకంటే దాన్ని కొలవొచ్చు. 1973లో లండన్‌లో స్లేడ్, రస్సెల్ కొలిచారు కూడా. రోగులు తమ ఒంటి వెడల్పును ఉన్నదానికంటే ఎక్కువగా అంచనా వేశారు. తర్వాతి పరీక్షల్లో ఏ జబ్బూ లేని స్త్రీలు కూడా అలాగే వేయడంతో ఆ కొలత విలువ తగ్గింది. 1993లో హాంకాంగ్ వైద్యుడు సింగ్ లీ 70 మంది చైనా రోగులను పరిశీలిస్తే, 41 మందిలో లావవుతామన్న భయం ఏ దశలోనూ కనిపించలేదు. కడుపుబ్బరమని, ఆకలి లేదని చెప్పేవాళ్లే ఎక్కువ. అద్దం లేకుండా కూడా జబ్బు ఉండగలిగితే, బ్రూక్ చెప్పిన రెండో, మూడో సంగతుల దగ్గరికి మళ్లీ రాక తప్పదు.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. మనసు చెడితే తిండి మానరు, తిండి మానితేనే మనసు చెడుతుందని. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ జరిపిన ప్రయోగం ఆ మాటకు బలం. యుద్ధానికి వెళ్లబోమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ఆరునెలలు అర్ధాకలితో గడిపారు. వాళ్లకు చిరాకు, దిగులు పట్టుకున్నాయి, నలుగురిలో కలవడం తగ్గింది, వంట పుస్తకాలే లోకమయ్యాయి. వాళ్లలో ఎవరికీ ముందు ఈ జబ్బు లేదు. అంటే రోగిలో కనిపించే కల్లోలంలో కొంత ఆకలి చేసిన పనే. ఒప్పుకోవాల్సిందే. తిండి పెట్టకముందే మనసు విప్పమనడం వృథా అనీ, గల్ క్రమం సరైనదేననీ దీన్నిబట్టి తేలుతుంది. కానీ ఆ యువకులకు భోజనం దొరికాక తినడానికి జంకు కలగలేదు, కొందరు ఎంత తిన్నా ఆకలి తీరలేదన్నారు. అనొరెక్సియా రోగి భయపడేది సరిగ్గా ఆ కంచం ముందే. తేడా అంతా అక్కడుంది.

మరో అభ్యంతరం లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి నుంచి వస్తుంది. గల్ దూరంగా ఉంచమన్న తల్లిదండ్రులకే అక్కడ తినిపించే బాధ్యత అప్పగించారు. మనసు లోతులు తవ్వకుండా ముందు బిడ్డ చేత తినిపించే ఆ పద్ధతి పనిచేస్తుంటే భావోద్వేగాల గొడవ ఎందుకని అడగొచ్చు. 1987లో వెలువడిన ఫలితాల్లో అది స్పష్టంగా మేలు చేసింది చిన్న వయసులో జబ్బు మొదలై మూడేళ్లు దాటనివాళ్లకు. పెద్దవాళ్లలో, ముదిరిన జబ్బులో ఆ మేలు కనిపించలేదు. పైగా ఆ పద్ధతి చివరి దశలో తిండి మీద అధికారం బిడ్డకు తిరిగి ఇస్తారు, ఎదిగే వయసు సమస్యలు మాట్లాడతారు. బతిమాలకుండా, బెదిరించకుండా కంచం ముందు కూర్చోవడం తల్లిదండ్రులు నేర్చుకోవాల్సి రావడం కూడా ఒక రకంగా ఆవేశాన్ని అదుపు చేసే చదువే కదా!

2003లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫెయిర్‌బర్న్ బృందం తిండి రుగ్మతలన్నిటికీ ఉమ్మడి నమూనా ఇచ్చినప్పుడు, మనిషి తన విలువను బరువుతోనూ ఆకారంతోనూ తూచుకోవడాన్ని కేంద్రంలో పెట్టింది. కొందరిలో జబ్బును నిలబెట్టే కారణాల్లో తీవ్రమైన భావాలను భరించలేకపోవడాన్నీ చేర్చింది. అంతకుముందే, 2001లో స్టాన్‌ఫర్డ్‌లో, ఆత్మహత్యా ప్రవృత్తి ఉన్నవాళ్ల కోసం మార్షా లైనహన్ రూపొందించిన చికిత్సను అతిగా తిని వాంతి చేసుకునే బులీమియా ఉన్న స్త్రీలకు మలిచి పరీక్షించారు. అక్కడ నేర్పింది ఉద్వేగం వచ్చినప్పుడు దాన్ని పేరు పెట్టి గుర్తించడం, అది తగ్గేదాకా ఓర్చుకోవడం. అతిగా తినడం, వాంతి చేసుకోవడం తగ్గాయి. హాంకాంగ్ లాంటి కథే మన దేశానిదీ. ఇక్కడి రోగుల మీద 1995లో ప్రచురితమైన ఒక నివేదికలో అయిదుగురు యువతులున్నారు. తినకపోవడం, ఆగని వాంతులు, బరువు తగ్గడం అన్నీ ఉన్నాయి, ఒంటి రూపం గురించిన వక్రభావన మాత్రం లేదు. పడమటి ప్రశ్నావళిలో లావు భయం గురించి అడిగి వదిలేస్తే ఇలాంటివాళ్లు జాబితాకే ఎక్కరు. 2013లో అమెరికా మానసిక వైద్యులు అనొరెక్సియాకు ఇచ్చే నిర్వచనం మారింది. లావు భయం ఉందని రోగి నోటితో చెప్పకపోయినా, బరువు పెరగకుండా అడ్డుపడే ప్రవర్తన కొనసాగుతుంటే చాలని అందులో చేర్చారు.