శ్రీశైలం సీ ప్లేన్: చక్రాల సంగతి

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర లేచిన సీ ప్లేన్ శ్రీశైలం జలాశయంలో దిగింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు అందులో వచ్చారు. దోర్నాల ఘాట్ రోడ్డు మలుపుల్లో ఒళ్లు హూనమైన యాత్రికులకు అది ఆశ పుట్టించే విషయమే. అయితే అలాంటి విమానం ఎన్నాళ్లు తిరుగుతుందన్నది దాని కింద ఉండే ఫ్లోట్లు, వాటిలోని చక్రాలు, వాటిని రోజూ చూసుకునే మెకానిక్కుల మీద ఆధారపడి ఉంటుంది.

సొంత ఇంజనుతో నీటి మీంచి మొదట ఎగిరినవాడు ఫ్రాన్సుకు చెందిన ఆన్రీ ఫాబ్ర్, 1910 మార్చి 28న. ఆయన విమానానికి చక్రాలు లేవు. మరుసటి ఏడాదే అమెరికాలో గ్లెన్ కర్టిస్ పైకి మడిచే చక్రాలు తగిలించి నేలకూ నీటికీ పనికొచ్చే విమానం చేశాడు. దాంతో పాటే కొత్త ప్రమాదమూ వచ్చింది. రన్‌వే మీద చక్రాలు తెరుచుకోకపోతే విమానం ఫ్లోట్ల అడుగు మీద జారుకుంటూ పోయి ఆగుతుంది. చాలాసార్లు ప్రాణాలు దక్కుతాయి. చక్రాలు దించి ఉండగా నీళ్లలో దిగితే మాత్రం అవి నీటికి అడ్డుపడి విమానాన్ని బోర్లా కొట్టేస్తాయి. అందుకే పైలట్ ముందు నీటికి నీలం దీపం, నేలకు పచ్చ దీపం పెడతారు. ఆ దీపం నిజం చెప్పాలంటే తడిసే స్విచ్చులు, సీళ్లు, హైడ్రాలిక్ గొట్టాలు బాగుండాలి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ చెరువులో కాటలీనా విమానాలు ఉండేవి. వాటిలో చక్రాల్లేని రకాన్ని మరమ్మతుకు ఒడ్డెక్కించాలంటే నీళ్లలోనే విడి చక్రాలు బిగించి లాగాల్సిందే. సొంత చక్రాలున్న రకం 1939లో వచ్చింది. ఆ కష్టం తప్పింది గానీ, చక్రాలను కాపాడుకునే పని పెరిగింది.

ఆ పని ఎలా ఉంటుందంటే, ఫ్లోటు లోపల గదులు గదులుగా ఉంటుంది. పొద్దున్నే ఒక్కో గదికీ చేతిపంపు పెట్టి, ఊరిన నీళ్లు తోడేస్తారు. ఒక గదిలో మామూలు కంటే ఎక్కువ నీళ్లొస్తే ఎక్కడో రివెట్టు వదులైందనో, అతుకు విడిందనో అర్థం. మునిగి తేలే చక్రాల బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ నింపాలి. కృష్ణది మంచినీరు, సముద్రమంత తుప్పు పట్టించదు. కానీ వరదలో ఒండ్రు వస్తుంది. 308 టీఎంసీల జలాశయం 215 టీఎంసీలకు కుదించుకుపోయింది ఆ ఒండ్రు వల్లే. అది చక్రాల గూళ్లలోకీ చేరుతుంది.

నిర్వహణలో లోపం ఎంత దూరం తీసుకెళ్తుందో 2005 డిసెంబరు 19న మయామి దగ్గర తెలిసింది. పాత గ్రమ్మన్ మల్లార్డ్ సీ ప్లేన్ రెక్క గాల్లోనే విరిగి 20 మంది పోయారు. పగుళ్లను గుర్తించి సరిగా బాగుచేయకపోవడమే కారణమని దర్యాప్తులో తేలింది.

మన దేశంలో సబర్మతి నుంచి కేవడియాకు 2020 అక్టోబరు 31న ట్విన్ ఆటర్ సీ ప్లేన్ మొదలైంది. నెల తిరక్కుండానే మెయింటెనెన్స్ కోసం దాన్ని మాల్దీవులకు పంపారు. 2021 ఏప్రిల్‌లో సర్వీసు మళ్లీ ఆగిపోయింది. శ్రీశైలంలో దిగిందీ ట్విన్ ఆటరే. టికెట్టు ధర ప్రకటించే ముందు గన్నవరంలోనో ఓర్వకల్లులోనో హ్యాంగరు కట్టండి, విడిభాగాలు తెచ్చిపెట్టండి, ఫ్లోట్ల పని తెలిసిన ఇంజనీర్లను తయారుచేయండి. మల్లన్న దర్శనానికి వచ్చేవాళ్లను ఎక్కించుకోవడం ఆ తర్వాతే.