గొట్టము వంచు చేతియంత్రము

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరునుండి 1967లో కాలువలకు నీరు విడుచువరకు పల్నాడు చాలవరకు మెట్టసీమయే. నీటి విలువ తెలిసిన అట్టి చోట గొట్టములో నొక్కు పడుట కూడ నష్టమే.

గొట్టమును వంచిన వెలుపలి వైపు సాగును, లోపలి వైపు కుదియును. 5 సెం.మీ. వ్యాసముగల గొట్టమును లంబకోణముగ వంచిన, మలుపులో వెలుపలి అంచు లోపలి అంచుకంటె దాదాపు 7.9 సెం.మీ. పొడవుండవలెను. లోపల బోలు గనుక గొట్టము చదునగును. చుట్టుకొలత మారకున్నను వైశాల్యము తగ్గి, నీటిదారి ఇరుకగును.

అందుచే కమ్మరులు గొట్టములో పొడియిసుక దట్టించి, కొనలు మూసి, ఎర్రగ కాల్చి వంచెడివారు. ఇసుక తడిగనున్న ఆవిరి పుట్టి బిరడా ఎగిరిపోవును.

చేతియంత్రము ఆ ఆధారమునే వెలుపలినుండి ఇచ్చును. గొట్టము కొలతకు సరిపడు గాడిగల చక్రము దాని ప్రక్కలను పట్టియుంచును. మనిషి పొడవైన మీటను త్రిప్పగా, దానికి అమర్చిన దిమ్మ గొట్టమును చక్రముచుట్టు ఒత్తుచు పోవును. గాడి వదులైనచో గొట్టము నొక్కుకొనును.

పలుచని గొట్టము వంగుకొలది చదునై, చదునగుకొలది మరింత తేలికగ వంగునని 1927లో బ్రేజియరు గణితముతో నిరూపించెను. దానికి విరుగుడు కమ్మరి ఇసుకలో అంతకుముందే కలదు. ఉపాధ్యాయులు ఒక రబ్బరు గొట్టమును మొదట ఖాళీగను, పిదప ఇసుక నింపియు వంచి చూపినచో, విద్యార్థులు ఈ సంగతిని కన్నులార చూడగలరు.