ఓట్స్ నూక... మన పొద్దుటి తిండి కథ

ఈమధ్య మా పటమటలో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా ఓట్స్‌కి ఒక అర మొత్తం ఇచ్చేశారు. రోల్డ్, ఇన్‌స్టంట్, స్టీల్ కట్, క్విక్ స్టీల్ కట్... ఆ పేర్లు చదవడానికే అయిదు నిమిషాలు పడుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లం కలిసినప్పుడల్లా ఇదే ప్రశ్న, "వీటిలో ఏది తీసుకోవాలండీ?" అని. ప్యాకెట్ మీద పేర్లు పక్కన పెట్టి మన వంటింటి మాటల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. రోల్డ్ ఓట్స్ అంటే ఓట్స్ అటుకులు. స్టీల్ కట్ అంటే ఓట్స్ నూక. క్విక్ స్టీల్ కట్ అంటే ఇంకాస్త సన్న నూక. అంతే.

నూక మనకి కొత్తది కాదు కదా! మన కృష్ణా డెల్టాలో పొద్దుటి తిండి ఎన్నిసార్లు మారిందో ఒకసారి చూద్దాం రండి.

కృష్ణకి ఆనకట్ట రాకముందు ఇక్కడ చాలా ఊళ్లలో జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, ఆరికెలే సామాన్యుల తిండి. వరి అన్నం కలిగినవాళ్లకీ, పండగలకీ. 1833లో వచ్చిన డొక్కల కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షమందికి పైగా పోయారు. పక్కనే కృష్ణ పారుతున్నా ఆ నీళ్లు చేలకి ఎక్కలేదు. ఆ తర్వాత గోదావరికి ధవళేశ్వరంలో, మనకి బెజవాడలో ఆనకట్టలు వచ్చాయి. మన ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. కాలువల వెంట వరి పరుచుకుంది. పొద్దున్నే ముంతలో చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ, ఆవకాయ బద్ద అన్నది డెల్టా అంతటా అలవాటైంది.

ఆ చద్దన్నం దంపుడు బియ్యంది. తవుడు పూర్తిగా పోని బియ్యం కాబట్టి కడుపులో నిలిచేది, మధ్యాహ్నం దాకా ఆకలి వేసేది కాదు. దంపుడు బియ్యం ఎంత మంచివో అని ఇప్పుడు అందరం అంటాం. మరి దంచింది ఎవరు? చీకటితో లేచి రోకలి పట్టిన ఆడవాళ్లు. దివిసీమలో పుట్టి పెరిగిన మా అత్తగారు వాళ్లమ్మ అరచేతుల కాయల గురించి ఇప్పటికీ చెబుతారు. కూలికి దంపుళ్లకి వెళ్లే ఆడవాళ్లకి సాయంత్రానికి దొరికేది నాలుగు గింజలూ, కాస్త తవుడూ, నూకలూ. మర వచ్చినప్పుడు ఎవరూ ఏడవలేదు. "రోకలి పోయింది, నడుము మిగిలింది" అంటారు మా అత్తగారు.

మరతో తవుడు పోయింది. 1967 ప్రాంతంలో ఐఆర్-8 వచ్చి దిగుబడులు పెరిగాయి. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం పెట్టాక జొన్న సంకటి తినే ఇళ్లలో కూడా మూడు పూటలా తెల్లన్నం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తక్కువ చేయకూడదు. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనే సన్నబియ్యం వచ్చింది. ఇక ముతక బియ్యం కొనేవాళ్లు తగ్గిపోయారు. పొద్దుటిపూట చద్దన్నం పోయి ఇడ్లీ, దోశ, పూరీ వచ్చాయి. రుబ్బురోలు కూడా పోయి గ్రైండరు వచ్చింది కాబట్టి రోజూ టిఫిన్ చేయడం మన వల్ల అయింది.

ఇప్పుడు సముద్రం అవతల ఏం జరిగిందో చూడండి. మన ఆనకట్ట పూర్తయిన రోజుల్లోనే అమెరికాలో ఓహయో రాష్ట్రం, ఏక్రన్ ఊళ్లో ఫెర్డినాండ్ షూమాకర్ అనే జర్మనీ నుంచి వచ్చిన వ్యాపారి ఓట్స్ మిల్లు పెట్టాడు. అప్పటికి అక్కడ చాలామందికి ఓట్స్ అంటే గుర్రాల దాణా. 1870ల్లో అతని మిల్లులోనే గింజని నలక్కుండా ఉక్కు కత్తులతో ముక్కలు కోసే యంత్రం తయారైంది. స్టీల్ కట్ అనే పేరు అక్కణ్ణుంచే. కానీ ఆ నూక ఉడకడానికి అరగంట. ఆవిరి పెట్టి రోలర్లతో అణిచిన అటుకులు త్వరగా ఉడుకుతాయి. 1877లో నమోదైన క్వేకర్ గుర్తుతో ఆ అటుకులే డబ్బాల్లో ఇంటింటికీ చేరాయి, నూక వెనకబడింది. అక్కడైనా ఇక్కడైనా ఇల్లాలికి పొద్దున్నే తీరిక ఎంతో దాన్ని బట్టే తిండి మారింది.

మా ఇంట్లోకి ఇది రావడానికి కారణం మామగారి షుగరు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పది కోట్ల మందికి మధుమేహం ఉంది, అందులో మా ఇంటి వాటా ఆయన. నాలుగు ఇడ్లీలు తిన్న రెండు గంటలకి మీటరు చూపించే అంకె చూసి మాకు భయం పట్టుకుంది. ఓట్స్ అనగానే ఆయన "గుర్రాల దాణా నాకెందుకమ్మా?" అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మన దేశంలో కూడా ఓట్స్ పండించేది ఎక్కువగా మేతకే. మా అత్తగారు మాత్రం గింజలు అరచేతిలో పోసుకుని చూసి, "ఇది మా జొన్ననూక లాంటిదే కదే అమ్మాయ్, తాలింపు వెయ్" అన్నారు. గొడవ అక్కడితో తీరిపోయింది.

కొనేటప్పుడు మూడు చూడండి. పదార్థాల జాబితాలో ఓట్స్ ఒక్కటే ఉండాలి. చక్కెర, మసాలా పొడి కలిపినవి వద్దు. ఉడికే సమయం చూడండి. అయిదు నుంచి ఏడు నిమిషాలు అని ఉంటే క్విక్ రకం, ఇరవై, ముప్పై అని ఉంటే పెద్ద నూక. పెద్ద నూకని రాత్రే నానబెట్టుకోవాలి. మూడోది తేదీ. ఓట్స్‌లో మిగతా ధాన్యాల కన్నా కొవ్వు ఎక్కువ, బెజవాడ ఎండలకి ముక్కిన వాసన త్వరగా వస్తుంది. చిన్న ప్యాకెట్ కొని, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

వండటం ఉప్మా లాగే. మనిషికి 40 గ్రాములు, అంటే పావు కప్పు నూక. అర చెంచా నూనెలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి తీయండి. అదే మూకుడులో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు వేసి, ఉల్లిపాయ, క్యారెట్, బీన్స్ మగ్గనివ్వండి. ఒకటికి మూడు కొలత నీళ్లు పోసి, తెర్లేటప్పుడు ఉప్పు, నూక వేసి, సన్నమంట మీద ఏడు నిమిషాలు మూత పెట్టండి. దించాక అయిదు నిమిషాలు కదపకండి, పొడిపొడిగా వస్తుంది. ఎండాకాలం నాలుగున్నర కొలతల నీళ్లతో జారుగా ఉడికించి, చల్లారాక మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ కలిపితే అచ్చం అంబలే.

ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది. కొలెస్ట్రాల్ తగ్గడానికి రోజుకి 3 గ్రాములు కావాలంటారు. 40 గ్రాముల నూకలో ఒకటిన్నర గ్రాము దాకా వస్తుంది. కాబట్టి ఒక గిన్నె తినేసి అద్భుతాలు జరుగుతాయనుకోవద్దు. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు తిండి మార్చేముందు డాక్టరుకి ఒక మాట చెప్పాలి.

ఇప్పుడు మా ఇంట్లో వారానికి మూడు రోజులు ఓట్స్ నూక, రెండు రోజులు పటమట రైతుబజారు దారిలో కొనే జొన్ననూక, ఆదివారం ఇడ్లీ. మామగారి మీటరు అంకెలు మునుపటి కంటే దిగాయి. మిగిలిన ఒక రోజు టిఫిన్ ఆయనే చేస్తున్నారు. అది ఏ నూకతోనైనా సరే, నేను అడగను.