పెట్టె మీది అంకెలకు ప్రతిపదార్థం

పది పదిహేను వేలు పెట్టి చిన్న డిజిటల్ కెమెరా కొనాలనుకునేవాళ్లు మళ్లీ కనిపిస్తున్నారు. వాళ్లలో కాలేజీ పిల్లలే ఎక్కువ. చేతిలో ఫోను ఉండగా ఇదెందుకని ఇంట్లోవాళ్లు అడగడం సహజం. జవాబు కెమెరా పెట్టె మీదే ఉంటుంది, కాకపోతే అంకెల్లో ఉంటుంది. ఈ వ్యాఖ్యానానికి మూలంగా, 2014లో సోనీ విడుదల చేసిన సైబర్‌షాట్ డబ్ల్యూ830ని తీసుకుంటున్నాను. తక్కువ ధర కెమెరాలు ఎలా ఉంటాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి నమూనా లేదు. దాని వివరాలు వరసగా రాస్తే ఇంతే:

20.1 మెగాపిక్సెల్, 1/2.3 అంగుళాల సీసీడీ. 8ఎక్స్ ఆప్టికల్ జూమ్, 25–200 మి.మీ.; ఎఫ్3.3–6.3, ఆప్టికల్ స్టెడీషాట్, ఫ్లాష్, 2.7 అంగుళాల తెర, 720పీ వీడియో, ఎన్‌పీ-బీఎన్ బ్యాటరీ.

అమ్మేవాళ్లు మొదటి మాట చెప్పి ఊరుకుంటారు, మహా అయితే జూమ్ దాకా వస్తారు. కొనేవాళ్లు మాత్రం చివరిదాకా చదవాలి. అదీ జంటలు జంటలుగా చదవాలి, ఎందుకంటే ఇందులో ఒక అంకె ఇచ్చినదాన్ని ఇంకో అంకె లాగేసుకుంటుంది.

20.1 మెగాపిక్సెల్

ఫొటోలో అడ్డంగా 5152, నిలువుగా 3864 చుక్కలు. గుణిస్తే రెండు కోట్లకు కాస్త తక్కువ. మరి మనకు కావలసినవెన్ని? స్టూడియోలో వేయించే 4×6 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 21.6 లక్షలు సరిపోతాయి. గోడకు తగిలించే 8×12 సైజుకైనా 86 లక్షలు చాలు. కాబట్టి పది, పన్నెండు మెగాపిక్సెళ్ల పాత కెమెరా ఎదురైతే అంకె చూసి పక్కన పెట్టేయకండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో నాలుగైదు వేలకు, ఎప్పుడూ వినని పేర్లతో, 48 మెగాపిక్సెల్ అనో 64 అనో కెమెరాలు అమ్ముతున్నారు. వాటిలో చాలావాటి లోపల ఉండేది ఏ పాత ఫోనులోనో ఉండేంత చిన్న సెన్సర్. అది పట్టిన కొద్దిపాటి చుక్కల మధ్య సాఫ్ట్‌వేర్ కొత్త చుక్కలు ఊహించి నింపుతుంది. ఆనవాళ్లు మూడు. ఆన్ చేసినా లెన్స్ బయటికి రాదు, జూమ్ పక్కన ‘డిజిటల్’ అని ఉంటుంది, ఫ్లాష్ ఉండాల్సిన చోట ఎల్ఈడీ బుడ్డీ ఉంటుంది. పాత సోనీ టీ సిరీస్ లాంటి కొన్ని మంచి కెమెరాల్లో కూడా లెన్స్ లోపలే కదులుతుంది, వాటి సంగతి వేరు. మూడు ఆనవాళ్లూ ఒకచోట కలిశాయంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

1/2.3 అంగుళాల సీసీడీ

మూలం మొత్తంలో అతి ముఖ్యమైన మాట ఇది, జనం అతి తక్కువగా చదివేదీ ఇదే. ఈ అంగుళాన్ని స్కేలు పెట్టి కొలవలేం. వెనకటి టీవీ కెమెరాల్లో గాజు ట్యూబులు వాడేవారు. ట్యూబు బయటి వ్యాసాన్ని బట్టి దాని సైజు చెప్పేవారు. బొమ్మ పడే జాగా అంతకన్నా చాలా చిన్నది. ట్యూబులు పోయి దశాబ్దాలైనా ఆ లెక్క మాత్రం పోలేదు. 1/2.3 అంగుళాలంటే అసలు కొలత 6.17 × 4.55 మిల్లీమీటర్లు. ఇంచుమించు కందిబద్దంత. దాని మీద రెండు కోట్ల చుక్కలు ఇరికించారు కాబట్టి ఒక్కో పిక్సెల్‌కు దక్కింది 1.2 మైక్రాన్ల చోటు. పగలు ఎండలో పేచీ లేదు. సాయంత్రం ఇంట్లో లైటు కింద తీస్తే ఒక్కో చుక్కకు అందే వెలుతురు చాలదు. చాలనిదాన్ని కెమెరా హెచ్చించి చూపిస్తుంది. దాన్నే ఐఎస్‌ఓ పెంచడం అంటారు. ఫిల్ము రోజుల్లో 400 రోలు కొంటే ఫిల్మే వేరు. ఇక్కడ సెన్సర్ మారదు, అందిన సంకేతమే పెద్దదవుతుంది, దాంతోపాటు నాయిస్ కూడా పెద్దదవుతుంది. చీకటి చోట్ల ఇసక చల్లినట్టు కనిపించేది అదే.

భిన్నం కింద అంకె తగ్గేకొద్దీ సెన్సర్ పెరుగుతుంది. 1/1.7 అంటే 7.6 × 5.7 మి.మీ. ‘ఒక అంగుళం’ అంటే 13.2 × 8.8 మి.మీ. వైశాల్యం లెక్క వేస్తే 1/2.3కు దక్కే 28 చదరపు మిల్లీమీటర్లు ఎక్కడ, ఒక అంగుళానికి దక్కే 116 ఎక్కడ! నాలుగింతలు. తక్కువ బడ్జెట్‌లో అసలు ఎంపిక రెండు కంపెనీల మధ్య కాదు, కొత్త చిన్న సెన్సర్‌కూ పాత పెద్ద సెన్సర్‌కూ మధ్య. కానన్ 2008లో జీ10లో 14.7 మెగాపిక్సెళ్లు పెట్టి, మరుసటి ఏడు జీ11లో తనంతట తానే పదికి దిగింది. అదే ఏడాది వచ్చిన ఎస్90, ఆ తర్వాతి ఎస్95 కూడా పది మెగాపిక్సెళ్లవే. వాటిది 1/1.7 సెన్సర్, ఎఫ్2 లెన్స్, జేబులో పట్టే సైజు. అంకె తగ్గించుకుని బొమ్మను బాగు చేసుకున్న ఉదాహరణ ఈ వ్యాపారంలో అరుదు. 2012 నాటి సోనీ ఆర్ఎక్స్100 ఒక అంగుళం సెన్సర్‌ది. మంచి స్థితిలో ఉన్నది మీ బడ్జెట్‌లో దొరికితే ఈ వ్యాఖ్యానంలో మిగతా భాగం చదవకపోయినా నష్టం లేదు.

ఇక సీసీడీ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ దీన్ని కనిపెట్టారు. 2009లో భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా అందుకున్నారు. ఇప్పటి కెమెరాల్లో దాదాపు అన్నిటిలో ఉండేది సీమాస్ అనే మరో రకం సెన్సర్. ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్ పుణ్యమా అని ‘సీసీడీ రంగులు’ అని ఒక మోజు బయల్దేరి, పాత కెమెరాలకు రేటు పెంచింది. నన్నడిగితే ఆ రంగులు ఎక్కువగా ఆనాటి సాఫ్ట్‌వేర్‌వి, సెన్సర్ మీది రంగు ఫిల్టర్లవి, ఎదురుగా పడిన ఫ్లాష్‌వి. సీసీడీకి సొంతమని గట్టిగా చెప్పగలిగింది ఒకటుంది. ఎండలో మెరిసే స్టీలు బిందె మీదుగా వీడియో తీస్తే నిలువునా ఒక తెల్ల చార పడుతుంది. దానికోసం ఎవరూ అదనంగా డబ్బివ్వరు కదా.

8ఎక్స్ ఆప్టికల్ జూమ్, 25–200 మి.మీ.

ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందని అనుకుంటారు. ఇది వట్టి భాగహారం, 200ని 25తో భాగించారు. కానన్ ఇక్సస్ 185 కూడా 8ఎక్సే, కానీ దానిది 28తో మొదలై 224 దాకా. ఎక్స్ పక్కనున్న అంకె ఒకటే, కెమెరాలు రెండూ వేరు. మన ఇళ్లలో ఏది పనికొస్తుంది? హాల్లో గోడకు ఆనుకుని నిలబడి, మూడు మీటర్ల దూరంలో వరసగా కూర్చున్న చుట్టాలను తీయాలి. 28 మి.మీ. దగ్గర 3.7 మీటర్ల వెడల్పు పడుతుంది, 25 దగ్గర 4.15. ఆ తేడాలో ఇంకో మనిషి పడతాడు. అందుకే జూమ్ ఎంత దూరం పోతుందని కాక, ఎక్కడ మొదలవుతుందని అడగండి.

డిజిటల్ జూమ్ అంటే బొమ్మను మధ్యలో కత్తిరించి పెద్దది చేయడం. ఆ పని ఇంటికొచ్చాక కూడా చేసుకోవచ్చు.

ఎఫ్3.3–6.3

లెన్స్ చుట్టూ ఉంగరం మీద సన్నటి అక్షరాల్లో చెక్కే అంకెలివి. కొట్లో భూతద్దం అడిగైనా చదవండి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు దూరే సందు ఇరుకవుతుంది. రెండు అంకెలు ఎందుకంటే మొదటిది జూమ్ లాగకముందు, రెండోది పూర్తిగా లాగాక. వెలుతురు తేడా వర్గంలో ఉంటుంది. 6.3ని 3.3తో భాగించి వర్గం చేస్తే 3.6. అంటే జూమ్ చివరికి లాగిన చోట అందే వెలుతురు, మొదట్లో అందేదానిలో పావుకు కాస్త ఎక్కువ. కందిబద్దంత సెన్సర్‌కు అసలే వెలుతురు కరువు, అందులోనూ ముప్పావు వంతు దాకా కోత.

మెగాపిక్సెళ్లను తినేసేదీ ఇదే అంకె. ఇరుకు సందులోంచి వచ్చిన కాంతి కొద్దిగా చెదురుతుంది. సూదిమొనంత వెలుగు కూడా సెన్సర్ మీద చిన్న బిళ్లలా పరుచుకుంటుంది. ఎఫ్6.3 దగ్గర ఆ బిళ్ల వ్యాసం 8 మైక్రాన్ల పైచిలుకు. ఈ కెమెరా పిక్సెల్ 1.2 మైక్రాన్లని పైన చెప్పుకున్నాం. ఒక్క బిందువు ఏడు పిక్సెళ్ల మేర అలుక్కుపోతుందన్నమాట. లెన్స్ ఎంత గొప్పదైనా, దాని మీద జైస్ అని పేరున్నా, ఈ భౌతికశాస్త్రం నుంచి తప్పించుకోలేదు. జూమ్ చివరన పెట్టె మీది రెండు కోట్ల చుక్కలు కాగితం మీదే ఉంటాయి. దగ్గరికి నడిచి తీయగలిగినదాన్ని జూమ్‌తో తీయకండి.

రెండు కెమెరాల ధర ఒకటే అయినప్పుడు మొదటి ఎఫ్ అంకె తక్కువ ఉన్నది తీసుకోండి. ఎఫ్2కూ ఎఫ్3.3కూ మధ్య వెలుతురు తేడా రెండున్నర రెట్ల పైమాట.

ఆప్టికల్ స్టెడీషాట్

చెయ్యి వణికితే లెన్స్‌లో ఒక గాజు ముక్క ఎదురు కదిలి సర్దుతుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది. చూడాల్సింది ‘ఆప్టికల్’ అన్న మాట. ఇక్సస్ 185లో అది లేదు, దాని అన్న ఇక్సస్ 190లో ఉంది. కొన్ని వందల రూపాయల తేడాకు దీన్ని వదులుకోవడం తెలివితక్కువ పని, ఎందుకంటే 200 మి.మీ. దగ్గర వట్టి చేత్తో నిలకడగా తీయాలంటే సెకనులో 200వ వంతు వేగం కావాలి, సాయంత్రం వెలుతురులో ఎఫ్6.3 ఆ వేగం ఇవ్వలేదు. అయితే ఇది సర్దేది మీ చేతి వణుకునే. పరిగెత్తే పిల్లవాణ్ని ఆపలేదు.

ఫ్లాష్

పెట్టె మీద దీనికో చిన్న మెరుపు గుర్తు తప్ప వర్ణన ఉండదు. కానీ ఫోనులో లేనిది, ఇందులో ఉన్నది ఇదే. చిన్న కెమెరాల్లో జినాన్ గొట్టం ఉంటుంది. సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఒక్కసారి పేలి, తలంబ్రాలు గాల్లో ఉండగానే పట్టేస్తుంది. ఫోనులోని ఎల్ఈడీ చిన్న టార్చిలైటు లాంటిదే. ఫ్లాష్ వెలుతురు దూరం రెట్టింపైతే పావు వంతుకు పడిపోతుంది. అందుకే ముందున్న ముఖాలు తెల్లగా, వెనక అంతా చీకటిగా వస్తుంది. పాతికేళ్ల కిందటి పుట్టినరోజు ఫొటోల్లో ఉండేదీ, ఇప్పుడు పిల్లలు వెతుక్కునేదీ ఆ రూపమే. మూడు మీటర్లు దాటాక దీని మీద ఆశ పెట్టుకోవద్దు. ముందు వరసలో కూర్చుని స్టేజీ మీదికి ఫ్లాష్ కొట్టేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

నిజం చెప్పాలంటే చీకట్లో ఫ్లాష్ లేకుండా తీస్తే మంచి ఫోనే గెలుస్తుంది. అది వరసగా ఎన్నో ఫ్రేములు తీసి కలిపేస్తుంది. చిన్న కెమెరా కొనేది లెన్స్ జూమ్ కోసం, ఈ ఫ్లాష్ కోసం. ఆ రెండూ అక్కర్లేనివాళ్లు డబ్బు దాచుకోవచ్చు.

2.7 అంగుళాల తెర, 720పీ వీడియో

తెర పక్కన 2.3 లక్షల ‘డాట్లు’ అని ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరుగా లెక్కపెట్టి చెప్పిన మాట అది. మూడుతో భాగిస్తే మిగిలేది 320 × 240. రెండు కోట్ల చుక్కల బొమ్మను 76,800 చుక్కల్లో చూస్తున్నాం కాబట్టి కొట్లో తెర మీద ప్రతి ఫొటో కత్తిలా కనిపిస్తుంది. వీడియో గురించి చెప్పడానికేం లేదు, ఫోనులో తీసుకోండి.

ఎన్‌పీ-బీఎన్ బ్యాటరీ

ఒక్కసారి ఛార్జి చేస్తే 210 ఫొటోలు అంటారు. ఇది జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సిపా పెట్టిన పరీక్ష ప్రకారం. అర నిమిషానికొక ఫొటో, రెండు ఫొటోలకొకసారి ఫ్లాష్. అదే సంఘం లెక్కల్లో 2010లో ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు సరఫరా అయ్యాయి, 2023లో అన్ని రకాలూ కలిపి 80 లక్షలు కూడా లేవు. చవక మోడళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కాబట్టి తక్కువ బడ్జెట్ అంటే చాలావరకు సెకండ్ హ్యాండే. అప్పుడు బ్యాటరీ నంబరు మెగాపిక్సెళ్ల కన్నా పెద్ద విషయం. కార్డూ అంతే. పాత ఒలింపస్, ఫుజీ కెమెరాలు కొన్ని ఎక్స్‌డీ కార్డు తప్ప మరొకటి తీసుకోవు, అది ఇప్పుడు దొరకడం కష్టం. మరీ పాతవి 2 జీబీ దాటిన ఎస్‌డీ కార్డును గుర్తుపట్టవు.

కోఠిలోనైనా మరెక్కడైనా పాత కెమెరా చేతికి తీసుకున్నప్పుడు జూమ్ పూర్తిగా లాగి, వదిలి, మళ్లీ లాగి చూడండి. కరకరమని చప్పుడొస్తే లోపల ఇసక చేరినట్టే. తెల్లగోడను జూమ్‌లో తీసి మచ్చలున్నాయేమో చూడండి. సెన్సర్ మీద దుమ్ము చేరితే లెన్స్ విప్పకుండా తుడవలేరు. బ్యాటరీ ఉబ్బిందేమో వేలితో తడమండి. మీ కార్డు మీరే పట్టుకెళ్లి, తీసిన ఫొటోలను పెద్ద తెర మీద చూశాకే బేరం ముగించండి. డబ్బు ఇచ్చే ముందు బ్యాటరీ నంబరు రాసుకుని, దానికి కొత్త బ్యాటరీ, ఛార్జరు దొరుకుతున్నాయో లేదో ఫోనులో వెతకండి. దొరక్కపోతే ఆ కెమెరా ఎంత చవకైనా కొనకండి.