ప్రయోగానికి ముందు ఉపగ్రహ కెమెరాల క్రమాంకనం

ఎంత వెలుగు పడితే కెమెరా ఏ అంకె చూపుతుందో భూమి మీదే కొలిచి పట్టిక కట్టడాన్ని క్రమాంకనం అంటారు. వాడుకలో క్యాలిబ్రేషన్ అనే మాటే ఎక్కువ. ఉపగ్రహ కెమెరా రంగులు పంపదు, అంకెలు పంపుతుంది. 87 అని వస్తే అది ఎంత కాంతో చెప్పేది ఆ పట్టికే.

1988 మార్చి 17న బైకనూర్ నుంచి వెళ్లిన భారత ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ కెమెరాలను అహ్మదాబాద్‌లోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రం తయారుచేసింది. వాటిలో లిస్-1 నాలుగు రంగుపట్టీల్లో నేలను చూసేది. ఒక్కో పట్టీకి ఒక కటకం, దాని వెనుక ఒకే వరుసలో 2,048 కాంతి గ్రాహకాలు. ఒక్కో గ్రాహకం వంతుకు 72.5 మీటర్ల నేల. ఉపగ్రహం సాగే కొద్దీ ఆ వరుస చీపురులా 148 కిలోమీటర్ల వెడల్పున నేలను ఊడ్చుకుంటూ పోయేది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఏ రెండు గ్రాహకాలూ అచ్చం ఒకేలా స్పందించవు. ఒక్కటి పక్కదానికన్నా కాస్త తక్కువ చూపినా చిత్రం పొడవునా సన్నని చార పడుతుంది. పైరు ఛాయను బట్టి పంట తీరు అంచనా కట్టేవారు లేని తెగులును అందులో చూసే ప్రమాదముంది.

అందుకే ముందు కెమెరాకు వెలుగు సోకకుండా మూసి, చీకట్లో ఒక్కో గ్రాహకం ఎంత చూపుతోందో రాసుకుంటారు. ఆపైన కెమెరాను ఒక బోలు గోళం ముందు నిలబెడతారు. దాని లోపలి గోడలకు బేరియం సల్ఫేట్ వంటి తెల్లని పూత ఉంటుంది. దీపాల వెలుగు ఆ గోడలకు పదేపదే తగిలి చెదిరి, గోళం నోటి దగ్గరికి వచ్చేసరికి అంతటా సమంగా పరుచుకుంటుంది. ఆ వెలుగును మెట్లు మెట్లుగా పెంచుతూ 2,048 గ్రాహకాల అంకెలనూ నమోదు చేస్తారు. ఏ రంగుకు స్పందన ఎంత, కటకం ఎక్కడ వంకర చూపుతోంది అన్నవి వేరే పరీక్షలు. కక్ష్యలో గాలి ఉండదు, వేడిమి నిలకడగా ఉండదు కాబట్టి వాయుశూన్య గదిలో వేడి, చలి మార్చి మళ్లీ చూస్తారు. ఎంత ఓపిక కావాలో!

ఈ కొలతలను పక్కనపెడితే ఏమవుతుందో వైకింగ్-1 చూపింది. 1976 జులై 20న అంగారకుడిపై దిగిన ఆ నౌక మర్నాడు పంపిన తొలి రంగు చిత్రాన్ని తొందరలో సిద్ధం చేశారు. అందులో ఆకాశం మన ఆకాశంలాగే నీలంగా వచ్చింది. గ్రాహకాల స్పందన వివరాలతో సరిచూశాక గులాబీ ఛాయ తేలింది. తప్పు కెమెరాది కాదు, అంకెలను చదివిన తీరుది.

కక్ష్యలోకి చేరాక గ్రాహకాల స్పందన మారిందేమో పరీక్షించడానికి ఐఆర్‌ఎస్-1ఎ లిస్ కెమెరాల్లో చిన్న ఎల్‌ఈడీలు అమర్చారు. వాటి వెలుగు కటకం గుండా రాదు కనుక కటకం మసకబారితే అవి పట్టుకోలేవు. ఆ మార్పు తెలియాలంటే ఎడారి వంటి నిలకడైన నేలపై కాంతిని కొలిచి, ఉపగ్రహం చూపిన అంకెతో పోల్చాలి.