బాగుచేసిన గిటారు

ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచా తాలూకాలో, అడవి నడుమ జింగనూర్ అనే ఊరున్నది. ఆ గడ్డను 1860లో నిజాం ప్రభుత్వం ఇంగ్లీషువారికి అప్పగించింది. సిరొంచా ముఖ్యస్థలంగా ఎగువ గోదావరి జిల్లా కొన్నాళ్లు నడిచి, 1874లో చాందాలో కలిసింది. 1982 నుంచి అది గడ్చిరోలి జిల్లా. జిల్లాలు మారాయి గాని తెలుగు మారలేదు, డప్పూ మారలేదు.

డప్పు తోలు చిరిగితే మావాళ్లు కొత్త తోలు వేస్తారు. చట్రం తాతది, తోలు ఈ యేటిది. దాన్ని పాడయిన డప్పు అని ఎవరూ అనగా మేము వినలేదు. అందుచేతనే మన సంఘం కార్యవర్గంలో మొన్న జరిగిన వాదం మాకు వింతగా తోచింది. సంఘానికి ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు ఉన్న సంగతి సభ్యులెరుగుదురు. ఉగాది సభల్లో దాన్ని వాయించేది జింగనూర్ కుర్రవాడే. అది కాస్తా మూగవోయింది. "బాగుచేయించినా అతుకులబొంతేగా, కొత్తది కొందాం" అన్నారు కొందరు పెద్దలు. వారికి జవాబుగా ఆ వాద్యం పూర్వకథ కొంత మనవి చేస్తాము.

విద్యుత్తుతో పలికే గిటారును మొదట అమ్మకానికి తెచ్చినది అమెరికాలో, 1932లో. జార్జి బీచమ్ రూపొందించగా రికెన్‌బ్యాకర్ కంపెనీ చేసిన ఆ అల్యూమినియం వాద్యాన్ని, ఆకారాన్ని బట్టి జనం 'వేపుడు పెనం' అన్నారు. హవాయి పద్ధతిలో ఒళ్లో పెట్టుకుని వాయించేది. అయితే ఈనాడు మనమెరిగిన రూపానికి దారితీసినది ఒక మరమ్మతు దుకాణం. లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. లెక్కలు వ్రాసే ఉద్యోగం పోగా, 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే అంగడి పెట్టాడు. పాటగాళ్లు తమ చెడిపోయిన సామాను తెచ్చి ఆయన బల్లమీద పెట్టేవారు. ఏది ఎక్కడ చెడుతుందో అక్కడే నేర్చాడు. 1950లో గట్టి చెక్కతో గిటారు చేసినప్పుడు, మెడను జిగురుతో అతికించక నాలుగు మరలతో బిగించాడు. మెడ పాడయితే మరలు విప్పి మరొకటి వేసుకోవచ్చు. అదే 1951లో టెలికాస్టర్ పేరు పొందింది. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. బాగుచేయడానికి వీలుగా పుట్టిన వాద్యాన్ని బాగుచేస్తే విలువ తగ్గుతుందనడం మాకు బోధపడదు!

లోపలి పని కూడా బ్రహ్మవిద్య కాదు. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకవంటి రాగితీగ వేల చుట్లు. ఉక్కుతీగ కదిలితే రాగితీగలో సన్నని విద్యుత్తు పుడుతుంది, దాన్ని ఏంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. రాగితీగ ఎక్కడో తెగితే మళ్లీ చుట్టాలి. టంకం ఊడితే పెట్టాలి. మెట్లు అరిగితే కొత్తవి కొట్టాలి. అంతే.

పాత గిటార్ల వర్తకులు మాత్రం వేరే మాట చెబుతారు. రంగు మళ్లీ వేసిన వాద్యానికి ధర బాగా పడిపోతుందంటారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. బాగుచేయడం వేరు, కొత్తదిగా కనిపింపజేయడం వేరు. మొదటిది చేయికి పనికివస్తుంది, రెండవది కంటికి. ఎరిక్ క్లాప్టన్ సంగతి చూడండి: 1970లో నాష్‌విల్‌లో పాత స్ట్రాటోకాస్టర్లు కొని, మూడింటి భాగాలు కలిపి ఒకటి చేయించుకున్నాడు. 'బ్లాకీ' అని ముద్దుపేరు. అచ్చమైన అతుకులబొంత! 2004 వేలంలో అది 9,59,500 డాలర్లు పలికింది. క్లాప్టన్ పేరే అంత ధర తెచ్చిందనవచ్చు, నిజమే. కాని ఆయన ఏండ్ల తరబడి వాయించినది ఆ బొంతనే. పీటర్ గ్రీన్ 1959 నాటి లెస్‌పాల్ గిటారు ఇంకా తమాషా. ఒక పికప్‌లో అయస్కాంతం తలక్రిందులై ఉన్నందున రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే ముక్కుతో పాడినట్టు సన్నని నాదం వచ్చేది. లోకం ఆ 'లోపాన్నే' ప్రేమించింది.

అంత దూరం ఎందుకు? మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ తండ్రి మాండొలిన్‌తో మొదలుపెట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడగా విని వాయించాడు. జంట తీగల మాండొలిన్ నాదం క్షణంలో ఆరిపోతుంది, గమకం నిలవదు. కనుక జంటలు వదిలి ఒంటి తీగలు ఐదు పెట్టించుకుని విద్యుత్తు తోడు చేసుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవంలో తొలి కచేరీ చేసిన బాలుడు 2014లో కన్నుమూసేసరికి, అది పరాయి వాద్యమని ఎవరికీ గుర్తులేదు.

ఇక మన గిటారు. విప్పి చూపించాము. ఒక పికప్‌లో రాగితీగ తెగింది. అడుగున టంకం ఊడింది. మొదటి మూడు మెట్లు అరిగాయి. అయస్కాంతాలు, చెక్క, మరలు దివ్యంగా ఉన్నాయి. తీగ చుట్టేందుకు కార్యవర్గం చివరకు ఒప్పుకున్నది. రంగు కూడా వేయించుదామా అని అడిగితే కుర్రవాడు కంగారుపడ్డాడు. మెడ వెనుక బొటనవేలు ఆనేచోట రంగుపోయి నున్నగా అరిగిన చెక్కను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దని అతని మనవి.